కాటా అక్క పెట్టిన సున్నా

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆస్పత్రి చీటీల మీద, గుర్తింపు కార్డు మీద తప్ప దానికి పెద్దగా పని పడలేదు. ఆ సరుకు విమానాల కంపెనీలో ఊడ్చే మనిషి నుంచి యజమాని దాకా అందరికీ ఆమె కాటా అక్క. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా నోరారా అక్కా అనే పిలిచేవారు. ఒకసారి ఆమె భర్త ఆఫీసుకు ఫోన్ చేసి ‘కాటా అక్క ఉన్నారా అండీ?’ అని అడిగాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుని పగలబడి నవ్వుతారు. అది పచ్చి అబద్ధమని ఆయన అంటాడు. లెక్కల మాస్టారు, పైగా గట్టిగా అంటున్నాడు కాబట్టి నమ్మడమే మర్యాద.

కాటా ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. కూరగాయల టోకు మార్కెట్లో వాళ్ల నాన్నకు తూకం దుకాణం ఉండేది. ఎవరి సరుకు ఎవరు కొన్నా మధ్యలో తూచి చెప్పే పని ఆయనది. అమ్మేవాడికి బరువు ఎక్కువ రావాలి, కొనేవాడికి తక్కువ రావాలి, చివరికి ఇద్దరూ కలిసి ఆయన్నే తిట్టేవారు. అవతలివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే వ్యాపారుల మధ్య పెరిగిన పిల్లకు రెండు సంగతులు బాగా వంటబట్టాయి. చీటీ మీద ఉన్న బరువు ఎవరికో కావలసిన బరువు, అసలు బరువు కాదు. రెండోది, ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో ముందే చూసుకోకపోతే ఆ తర్వాత ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని తూచినా దండగే. పదిహేనేళ్లు వచ్చేసరికి బస్తా మూల పట్టుకుని జానెడు ఎత్తి చూసి, కిలో అటూ ఇటూగా బరువు చెప్పేసేది.

ఆమెకు పెళ్లయిన ఏడాదే ఒక పైలట్ ప్రయాణికుల విమానాల్లో ఉద్యోగం చాలించుకుని, ఇంట్లో కాలు నిలవక, ఒక పాత విమానం కొన్నాడు. సీట్లన్నీ పీకించి పారేశాడు. సాయంత్రం ఈ ఊళ్లో ఇచ్చిన పార్సిల్‌ను పొద్దున కాఫీ వేళకు ఇంకో ఊళ్లో చేతికి అందిస్తానన్నాడు. తెలిసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. రైలుంది, లారీ ఉంది, రెండు రోజులు ఆగితే కొంపలేం మునుగుతాయని అడిగారు. మిల్లులో ఒక్క బేరింగు విరిగి రెండు వందల మంది చేతులు కట్టుకుని కూర్చున్న చోట రెండు రోజులంటే ఏమిటో చూసి రమ్మన్నాడు ఆయన. పగలు రన్‌వేలు ప్రయాణికులవి. రాత్రి ఆ విమానాలన్నీ పడుకుంటాయి, ఆకాశం ఖాళీగా ఉంటుంది. అందుకని ఆయన రాత్రిని తీసుకున్నాడు. ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు.

విమానాశ్రయం వెనక గోడ పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక ట్యూబ్‌లైటు, ఒక కాటా, ఒక కాలు పొట్టిదైన బల్ల. అదే కంపెనీ. కాటా దగ్గర మనిషి కావాలని తెలిసి ఆమె వెళ్లింది. కెప్టెన్ ఒక పార్సిల్ చేతికిచ్చి చీటీ మీది బరువు పుస్తకంలో ఎక్కించమన్నాడు. ఆమె దాన్ని ఎత్తి చూసి, చీటీ మీద తొమ్మిది కిలోలని ఉంది, ఇది పన్నెండు దాకా ఉంటుంది, ఏది ఎక్కించమంటారని అడిగింది. కాటా మీద పెడితే పదకొండు కిలోల తొమ్మిది వందల గ్రాములు వచ్చింది. కెప్టెన్ తెల్లముఖం వేశాడు. అప్పటికి రెండు నెలలుగా ఆయన చీటీల మీది బరువులు నమ్ముకునే విమానం నడుపుతున్నాడు మరి.

మూడో నెలలో విమానం తోక మీద కూర్చుంది. మాట వరసకు కాదు, నిజంగానే. తలుపు ముందువైపు ఉంది కదా అని కూలీలు దగ్గరున్న సరుకు ముందు దింపారు. ముందు ఖాళీ, వెనక నిండు. విమానం మెల్లగా ముక్కు పైకెత్తి, కాళ్లు నొప్పి పుట్టిన ముసలమ్మలా వెనక్కి చతికిలబడింది. కెప్టెన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. అందరూ అరుస్తుంటే ఆమె మాత్రం పదకొండు మంది కూలీలను ఒక్కొక్కరిగా నిచ్చెన ఎక్కించి విమానం ముక్కులోకి పంపింది. పదకొండో మనిషి ఎక్కేసరికి ముక్కు బుద్ధిగా కిందికి దిగింది. ఆ పదకొండో మనిషి తన వల్లే విమానం నిలబడిందని ఉద్యోగం ఉన్నంతకాలం చెప్పుకున్నాడు.

ఆ రోజు ఇంటికెళ్లి ఆమె నిద్రపోలేదు. లెక్కల మాస్టారు బడికి సెలవు పెట్టి, వంటింటి బల్ల మీద పెన్సిలు అడ్డంగా పెట్టి, దాని మీద పొడుగు స్కేలు నిలిపి, చెంచాలు అటూ ఇటూ జరిపి చూపించాడు. బరువు ఎంత అన్నది సగం లెక్కేనని, అది మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్నది మిగతా సగమని చెప్పాడు. మధ్యాహ్నానికి ఆమెకు పట్టు చిక్కింది. సాయంత్రానికి ఆయనకే తప్పులు చూపించడం మొదలుపెట్టింది. తన జీవితంలో అంత త్వరగా చెయ్యి దాటిపోయిన విద్యార్థి ఇంకొకరు లేరని ఆయన గర్వంగా చెప్పేవాడు. అప్పటి నుంచి ఏ మూట విమానంలో ఏ చోట కూర్చోవాలో ఆమె కాగితం మీద రాసి, కింద సంతకం చేసేదాకా ఇంజిన్ తిరగకూడదని కెప్టెన్ కట్టడి పెట్టాడు. సంతకానికి ఆకుపచ్చ సిరా కలం ఇచ్చాడు.

ఒక విమానం మూడయింది, మూడు తొమ్మిదయ్యాయి. ఈ కథ జరిగే నాటికి ఇరవై ఆరు. రేకుల షెడ్డు పోయి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చెప్పులరిగే హాలు వచ్చింది. మూటల బదులు మనిషెత్తు అల్యూమినియం డబ్బాలు వచ్చాయి. పార్సిళ్లు డబ్బాల్లోకి, డబ్బాలు చక్రాల ట్రాలీల మీదికి, ట్రాలీలు కాటా మీదికి, అక్కడి నుంచి విమానంలోకి. రాత్రి పదిన్నర దాటితే ఇరవై ఆరు ఊళ్ల నుంచి ఇరవై ఆరు విమానాలు వరసకట్టి దిగుతాయి. హాల్లో బెల్టులు పరుగులు తీస్తాయి, ప్రతి పార్సిలూ తన ఊరి డబ్బా వెతుక్కుంటుంది. మూడున్నరకు మొదటి విమానం లేస్తుంది, ఐదుకు చివరిది. ఆరింటికి వెళ్లి చూస్తే అక్కడ ఊడ్చేవాళ్లు, టీ తాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అంత పని జరిగిందంటే కొత్తవాళ్లు నమ్మరు. ఆలస్యం అన్న మాట ఆ హాల్లో బూతు మాట కిందే లెక్క.

ఇంట్లో భార్యాభర్తలకు రోజుకు ఒక గంట మిగిలేది. ఆమె ఏడింటికి వచ్చేది, ఆయన ఎనిమిదింటికి బడికి బయల్దేరేవాడు. ఆ గంటలోనే కూతురి జడలు, పాల గొడవ, ఇంటి తగువులు, నవ్వులు అన్నీ. వంట ఆయనదే. ఒకసారి ఆమె నిద్రమత్తులో కూతురి ప్రగతి పత్రం మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, పక్కన ‘బరువు సరిపోయింది’ అని రాసింది. పంతులమ్మ పిలిపించి అడిగితే ఏం చెప్పాలో తెలియక మాస్టారు నీళ్లు నమిలాడు. ఇన్నేళ్లూ ఆ ఇల్లు అలా నడిచిందంటే అది ఆయన ఓర్పు. ఆ మాట ఆమె కూడా ఒప్పుకునేది, ఆయన ఎదుట కాదు.

ఆమె గొప్పతనం ఎక్కడుందంటే, విమానానికి బరువు మధ్యలో ఉంటే చాలదు. ముందు ఒక గీత, వెనక ఒక గీత ఉంటాయి. బరువు ఆ రెండింటి మధ్య ఎక్కడున్నా ఎగరొచ్చు, కానీ వెనక గీతకు దగ్గరగా ఉంటే ఇంధనం తక్కువ తాగుతుంది. గీత దాటితే మాత్రం ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది, పైలట్ మాట వినదు. ఆ గీతకు వెంట్రుకవాసి ఇవతల బరువును నిలపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. కంప్యూటర్లు వచ్చాయి, అవీ అదే పని చేశాయి. అవి చెప్పిన చోటుకూ ఆమె చెప్పిన చోటుకూ తేడా వచ్చిన రోజున పైలట్లు ఆమె కాగితమే తీసుకుని ఎక్కేవారు. ఇది మామూలు గౌరవం కాదు.

సరే, పొగడ్త ఇక్కడ కాస్త ఆపాలి. అంత మనిషికీ ఒక మొండితనం ఉంది. ఆకుపచ్చ కలం పట్టేవాళ్లను ఏడుగురిని ఆమే తయారు చేసింది. వాళ్లకు ఒక నియమం పెట్టింది: కాగితం ఒక్కసారి తప్పితే కలం పోతుంది, మళ్లీ రాదు. ఆ ఏడుగురిలో మీసాలు అనే అతను ఉండేవాడు. మనిషి సన్నం, మీసం లావు, అందుకని ఆ పేరు. చేయి తిరిగిన పనివాడు. ఆరేళ్ల కిందట ఒక రాత్రి రెండు డబ్బాల చోట్లు తారుమారుగా రాశాడు. తలుపు మూసి మెట్లు తీసేశాక, టీ తాగుతుండగా అతనికే అనుమానం వచ్చింది. గ్లాసు అక్కడే పడేసి పరుగెత్తుకుంటూ వచ్చి, రొప్పుతూ, తప్పు రాశాను అక్కా, విమానం ఆపండి అన్నాడు. ఆపారు, సర్దారు, పంపారు. తెల్లవారుజామున ఆమె చెయ్యి చాపింది. అతను కలం తీసి ఇచ్చాడు. పిల్లలు గలవాడు, ఈసారికి వదిలెయ్యమని నలుగురు చెప్పారు, కెప్టెన్ కూడా చెప్పి చూశాడు. ఆమె బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. మీసాలు ఆ రోజు నుంచి డబ్బాలను విమానం తలుపు దాకా ఎత్తే యంత్రం నడుపుతున్నాడు.

ఆ తర్వాత ఐదేళ్లలో ఒక్క కాగితం తప్పలేదు. కెప్టెన్ మురిసిపోయి ఆ మాటే చెక్కిన ఇత్తడి ఫలకం చేయించి ఆమె బల్ల మీద పెట్టాడు. ఎవరొచ్చినా చూపించేవాడు. ఆమె పైకి విసుక్కునేది కానీ రోజూ వచ్చీ రాగానే దాని మీద దుమ్ము తుడిచేది.

ఇక ఆ రాత్రి సంగతి.

హాల్లో నాలుగు కాటాలున్నాయి. డబ్బాను ట్రాలీతో సహా కాటా మీదికి ఎక్కిస్తారు కాబట్టి, ముందే ఖాళీ ట్రాలీని ఎక్కించి, ఆ బరువు దగ్గర కాటాను సున్నా చేయాలి. అప్పుడు కాటా డబ్బా బరువే చూపిస్తుంది. ఆ సున్నా పెట్టడం రోజూ పది గంటలకు కాటా అక్క స్వయంగా చేసే పని. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. ఆ రోజూ నాలుగు కాటాలకూ తనే సున్నా పెట్టింది. ఆ సాయంత్రమే పన్నెండు కొత్త ట్రాలీలు వచ్చాయి. తెచ్చినవాడు కాగితం చాపితే చూడకుండా సంతకం చేసింది. పాత ట్రాలీ ఐదు వందల నలభై కిలోలు, కొత్తది నాలుగు వందల ఇరవై. అది ఆ కాగితం మీదే ఉంది. ఎవరి చీటీనీ నమ్మని మనిషి ఆ రోజు చీటీ చదవనే లేదు. పాత ట్రాలీ బరువు ఆమెకు నోటికొచ్చు, అదే కొంప ముంచింది.

కొత్త ట్రాలీల్లో ఎనిమిది తొమ్మిదో నంబరు విమానం వరసలోకి వెళ్లాయి, మిగతా నాలుగింటినీ ఆ రాత్రి వాడలేదు. ఆ విమానంలో వెనక భాగానికి వెళ్లే ఎనిమిది డబ్బాలు వాటి మీదే రెండో కాటా ఎక్కాయి. ట్రాలీ తేలిక కాబట్టి ప్రతి డబ్బా ఉన్నదానికంటే నూట ఇరవై కిలోలు తక్కువ చూపించింది. ఆ అంకెలు పట్టుకుని కాటా అక్క ఎప్పటిలాగే వెనక గీతకు వెంట్రుకవాసి ఇవతల లెక్క సరిపెట్టి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసింది. తలుపు మూశారు. విమానం కదిలింది.

నాలుగింటికి పది నిమిషాలుంది. ఆమె నడుము పట్టుకుని హాలు బయట నిలబడి, తొమ్మిదో విమానం దగ్గర నుంచి ఖాళీ ట్రాలీలు వెనక్కి రావడం చూస్తోంది. పాత ట్రాలీని లాగాలంటే ఇద్దరు కావాలి. ఒక కూలీ ఒక్కడే, ఒంటి చేత్తో, ఇంకో చేత్తో చెవిలో పుల్ల తిప్పుకుంటూ ట్రాలీ లాక్కుని వెళ్తున్నాడు.

ఆమె పరుగున వెళ్లి ఆ ట్రాలీ పిడి తన చేతిలోకి తీసుకుని లాగి చూసింది. వంద పైనే తేడా అని చెయ్యి చెప్పింది. ఏ వరసలో తిరిగాయి ఇవి అని అడిగింది. తొమ్మిదో నంబరు అన్నాడు అతను, చెవిలో పుల్ల తియ్యకుండానే. వెనక ఎనిమిది డబ్బాలు, ఒక్కోదానికి వంద పైనే. దాదాపు టన్ను బరువు తోకలో, కాగితం మీద లేని బరువు.

విమానం రన్‌వే చివర మలుపు దగ్గర ఉంది. దాని ముందు ఒక్కటే విమానం. ఎగిరితే ఎగిరేదేమో. వెళ్లి క్షేమంగా దిగేదేమో కూడా. ఆ ట్రాలీల సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, రేపు పొద్దున సున్నా సరిచేసుకుంటే ఇక ఎప్పటికీ తెలియదు. ఇవన్నీ తన తలలోకి వచ్చాయని ఆమె తర్వాత దాచకుండా చెప్పింది. రెండు అంగలు వేసేంత సేపు వచ్చాయట. మూడో అంగలో రేడియో గది తలుపు నెట్టి, అక్కడున్నతని చేతిలోంచి మైకు లాక్కుంది.

“తొమ్మిదో నంబరు, కాటా అక్కని మాట్లాడుతున్నా. ఎగరొద్దు నాయనా, వెనక్కి రా. నీ కాగితం తప్పు.”

ఎవరు రాసిన కాగితం అని పైలట్ అడిగాడు.

“నేను రాసిందే,” అంది.

విమానం తిరిగి వచ్చింది. ఎనిమిది డబ్బాలనూ దింపి మళ్లీ తూచారు. సరైన అంకెలతో లెక్క వేస్తే బరువు వెనక గీత దాటి వెళ్లింది, కొంచెం కాదు, ఆ గీత ఎందుకు పెట్టారో అందరికీ తెలిసొచ్చేంత. పైలట్ కిందికి దిగి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఇద్దరు చిన్నపిల్లలున్న ఫోటో ఒకటి జేబులోంచి తీసి, ఆమెకు చూపించి మళ్లీ జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. తొమ్మిదో నంబరు ఆ రోజు యాభై రెండు నిమిషాలు ఆలస్యంగా లేచింది.

పొద్దున ఆరింటికి ఆమె కెప్టెన్ గదికి వెళ్లింది. ఆయన అప్పటికి డెబ్బై దాటినవాడు, అయినా రోజూ చివరి విమానం లేచేదాకా ఇంటికి వెళ్లేవాడు కాదు. ఆమె జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పి, ఆకుపచ్చ కలం తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఇత్తడి ఫలకం కూడా చంకలో పెట్టుకుని తెచ్చింది, దాన్నీ పక్కన పెట్టింది. కాగితం తప్పింది, కలం పోవాలి, ఇక తను కాటా దగ్గరే కూర్చుంటానంది.

కెప్టెన్ మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి కోప్పడ్డాడు. ఆ విమానంలోని ఇద్దరు పైలట్ల ప్రాణాలు కాపాడిన మనిషి చేతిలో కలం లాక్కుంటే తనను జనం ఏమంటారని అడిగాడు. చివరకు గొంతు తగ్గించి, ఇంట్లో ఆడపడుచుకు నచ్చజెప్పినట్టు చెప్పాడు.

“నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు కదమ్మా. చెప్పినవాళ్లని ఎవరైనా శిక్షిస్తారా?”

ఆయన మామూలుగానే అన్నాడు, మనసులో ఏమీ పెట్టుకుని కాదు. కానీ ఆ మాటకు ఆమెకు ఆరేళ్ల కిందట తను చాపిన చెయ్యి గుర్తొచ్చింది. ఏమయిందని ఆయన అడుగుతుండగానే వెనక్కి తిరిగింది. కలం అక్కడే వదిలేసి బయటికి వచ్చింది.

ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. హాల్లో తిరిగి, రెండో కాటా దగ్గరికి వచ్చి కూర్చుంది. అక్కడ తూచే ఆమెను అందరూ పిన్ని అంటారు, పదకొండేళ్లుగా ఆ కాటా ఆమెదే. పని అయిపోయినా పిన్ని ఇంటికి వెళ్లకుండా అక్కడక్కడే కొంగు మడతపెట్టుకుంటూ నిలబడింది. చెప్పాలా వద్దా అని కాసేపు కొట్టుమిట్టాడి చివరకు చెప్పింది. రాత్రి మూడో డబ్బా ఎక్కేసరికే అంకెలు తక్కువగా ఉన్నాయని తనకు అనిపించిందట. అవి నిండుగా కుక్కిన డబ్బాలు, అంత తేలిగ్గా ఉండకూడదు.

“మరి నాతో ఎందుకు చెప్పలేదు పిన్నీ?” అంది కాటా అక్క.

“సున్నా నువ్వు పెట్టావు కదమ్మా. అక్క పెట్టిన సున్నా తప్పని నేనెట్లా అంటాను?” అంది పిన్ని. “ఒకవేళ నా అనుమానమే తప్పయితే నా గతేంటని కూడా అనుకున్నానులే. మీసాలు చెప్పి ఏం బాగుపడ్డాడు?” అంది.

పిన్ని మాటలో కోపం లేదు. ఎండగా ఉంది, గొడుగు తెచ్చుకో అన్నంత మామూలుగా చెప్పింది. ఆ హాల్లో అందరికీ ఆరేళ్లుగా తెలిసిన సంగతే అది. తెలియనిది ఒక్క కాటా అక్కకు. ఊళ్లో అందరి బరువులూ తూచిన మనిషి తన నియమం మనుషుల మీద ఎంత బరువు మోపిందో తూచుకోలేదు. ఆ మాట అనక తప్పదు.

రాత్రి తొమ్మిదింటికి, షిఫ్టు మొదలవకముందే, ఆమె యంత్రాల షెడ్డుకు వెళ్లింది. మీసాలు తన యంత్రానికి గ్రీజు పెడుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, ఆరేళ్లుగా ఎప్పుడు ఎదురుపడినా అలాగే నిలబడతాడు. ఆమె చుట్టూ తిప్పకుండా చెప్పేసింది. ఆ రాత్రి నువ్వు పరుగెత్తుకొచ్చి చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, నువ్వు చేసిన మంచి పనికి నిన్ను శిక్షించాను, నీ తప్పుకు కాదు, ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలియలేదు అంది. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె ఏడవగా ఆ కంపెనీలో అంతకు ముందు చూసినవాళ్లు లేరు.

మీసాలు చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

“కలం పోయిందని బాధ లేదంటే అబద్ధమే అక్కా. ఇంట్లో చెప్పుకోలేక చచ్చాను,” అన్నాడు. “కానీ మీకు చెప్పాల్సింది ఇంకోటుంది. ఆ తర్వాత ఈ సీట్లో కూర్చుని రెండుసార్లు చూశాను, డబ్బాలు కాగితంలో ఉన్న వరసలో ఎక్కట్లేదని. మొదటిసారి గొంతుదాకా వచ్చింది. పిల్లలు గుర్తొచ్చి మింగేశాను. రెండోసారి గొంతుదాకా కూడా రాలేదు.”

ఆమె యంత్రం మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ విమానాలేమయ్యాయని అడిగింది. రెండూ దిగాయని, దిగాయని కబురు వచ్చేదాకా రెండుసార్లూ ఫోను పక్కనే కూర్చున్నానని అతను చెప్పాడు. ఒక్క కాగితం కూడా తప్పలేదని ఇత్తడి మీద చెక్కించుకున్న ఐదేళ్లలోనే ఆ రెండు రాత్రులూ ఉన్నాయి. తేదీలు గుర్తున్నాయా అని అడిగింది.

“మర్చిపోతే కదక్కా,” అన్నాడు.

అతను చెప్పాడు, ఆమె ఒక సాదా పెన్ను అడిగి తీసుకుని రాసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి హాల్లోకి నడిచారు.

పదిన్నరకు ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి ఆ రాత్రి పని పంచడం అక్కడి పద్ధతి. సుమారు మూడు వందల మంది. కాటా అక్క ముందు నిలబడి నిన్న తను చేసిన తప్పు ఉన్నదున్నట్టు చెప్పింది, కాగితం చదవకుండా సంతకం చేసిన సంగతితో సహా. ఆ తర్వాత, అతని అనుమతి తీసుకునే, మీసాలు మింగేసిన రెండు తప్పులూ చదివింది. తన కలం కెప్టెన్ దగ్గరే ఉందని, అది తిరిగి తీసుకునేది లేదని, మీసాలు కలం మాత్రం ఈ రాత్రే తిరిగి ఇస్తున్నామని చెప్పింది. తప్పు చేసి చెప్పినవాళ్ల కలం ఇక మీదట ఎవరూ ముట్టుకోరని, తను బతికుండగా అది మారదని కూడా చెప్పింది. ఇలాంటివి ఇంకా ఉంటే చెప్పమని అడిగి, కాగితం పట్టుకుని ఆగింది.

ఎవరూ కదల్లేదు. గోడ గడియారం పదిన్నర దాటింది. మొదటి విమానం దిగిన చప్పుడు వినిపించింది. అలవాటు కొద్దీ కొందరు కాళ్లు కదిపారు, ఆమె కదలకపోయేసరికి ఆగారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. నాలుగో కాటా దగ్గరతను, మూడేళ్ల కిందటిది అన్నాడు. ఆమె రాసుకుంటుండగానే ఇంకో చెయ్యి, దాని పక్కన మరొకటి. ఆకుపచ్చ కలం పట్టిన ఆరుగురిలో నలుగురు చేతులెత్తారు.

ఇరవై నాలుగేళ్లలో ఆ కంపెనీలో సరుకు మనుషుల కోసం ఎదురుచూసిన రోజు లేదు. ఆ రాత్రి మొదటి విమానం వచ్చి నిలబడి, తలుపు తెరుచుకుని, పద్దెనిమిది నిమిషాలు ఎదురుచూసింది. తన గది కిటికీ దగ్గర కెప్టెన్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు కానీ కిందికి కబురు పంపలేదు. కాటా అక్క ఇంకా రాసుకుంటూనే ఉంది.